మామయ్య పాస్‌వర్డ్

జూన్ 3

పదకొండేళ్లుగా రిపోర్టులు టైపు చేస్తున్నాను కదా, నాకు కంప్యూటర్ వచ్చనుకున్నాను. నాకు వచ్చింది మౌస్ ఒక్కటేనని ఇవాళ తెలిసింది.

మామయ్య నన్ను సర్వర్ గదిలో కూర్చోబెట్టి, ముందు ఆ మౌస్ తీగ పీకి సొరుగులో పడేశాడు. ఎదురుగా నల్లటి తెర. ఎడంచేతి మూల చిన్న తెల్లగీత వెలిగి ఆరుతోంది. బొమ్మల్లేవు, బటన్లు లేవు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏం చెయ్యాలి?"

"అడుగు."

"ఏమని?"

"ఎక్కడున్నానో అడుగు. ఇక్కడ ఏమేం ఉన్నాయో అడుగు. రెండూ తెలిశాకే కదులు. మొదటి నెల ఇంతకన్నా ఏం లేదు."

పీడబ్ల్యూడీ అని కొడితే ఎక్కడున్నామో చెప్తుంది. ఎల్ఎస్ కొడితే ఏమున్నాయో చెప్తుంది. సీడీ కొడితే కదులుతాం. మధ్యాహ్నం దాకా ఈ మూడే. ఫోల్డర్లలోంచి ఫోల్డర్లలోకి తిరిగి తిరిగి, ఎటొచ్చానో తెలియక బిక్కచచ్చిపోయాను. తలుపు దగ్గర రక్తం తీసే సూదక్క నిలబడి నవ్వుతోంది. "కీబోర్డు సారు మేనకోడలివి, నీకు పుట్టుకతోనే వచ్చేసి ఉంటుందనుకున్నా" అంది. మామయ్యని ల్యాబులో అందరూ కీబోర్డు సారు అనే అంటారు.

ఈ ల్యాబులో ఏ గొట్టంలో ఏ రక్తం పరీక్ష చేసినా ఫలితం వెళ్లి చేరేది ఈ మిషన్‌లోకే. పందొమ్మిదేళ్లుగా దీన్ని చూసుకుంటున్నది మామయ్య ఒక్కడే. డిసెంబరులో రిటైరవుతాడు. మీ తర్వాత ఎవరు అని ల్యాబు నడిపే డాక్టరమ్మ అడిగితే నా పేరు చెప్పాడట. అందరికన్నా ముందు అదిరిపోయింది నేను.

కమాండ్ల నోట్సు మామయ్య రోజూ దిద్దుతాడు. అందుకే ఇవన్నీ వేరే పుస్తకంలో రాస్తున్నాను.

జూన్ 9

ఇవాళ జరిగింది రాయకపోతే లాభం లేదు.

వారం రోజులుగా నేను కష్టపడి టైపు చేసుకున్న అభ్యాసాలన్నీ ఒక ఫోల్డరులో దాచుకున్నాను. ముప్పై పైనే ఫైళ్లు. మామయ్య వచ్చి చూసి, బాగున్నాయన్నాడు. తర్వాత ఒక కమాండ్ చెప్పాడు. ఆర్ఎమ్, పక్కన గీత, ఆర్, ఎఫ్, ఫోల్డరు పేరు. చెప్పింది చెప్పినట్టు కొట్టాను. తెర ఏమీ అనలేదు. కింద ఇంకో గీత వచ్చి వెలిగి ఆరుతోంది.

"ఇప్పుడు ఎల్ఎస్ కొట్టు."

ఫోల్డరు లేదు.

"ఎక్కడికెళ్లింది?"

"ఎక్కడికీ వెళ్లలేదు. లేదు."

"చెత్తబుట్టలో ఉంటుందిగా."

"ఇక్కడ చెత్తబుట్ట లేదమ్మడూ."

హాస్యమాడుతున్నాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. వారం రోజుల పని, ఒక్క బటను. నిజంగా తీసెయ్యమంటావా అని ఒక్క మాటైనా అడగలేదు ఆ మిషన్. పక్కనున్న మామయ్యా అడగలేదు.

"నీది పోతేగానీ తెలియదు" అన్నాడు లేస్తూ. "రేపు వేరేవాళ్లది నీ చేతిలో ఉంటుంది."

జూన్ 10

పొద్దున కళ్లు తెరవగానే గుర్తొచ్చింది ఆ ఫోల్డరే.

జూన్ 24

చేయి తిరుగుతోంది. రెండు వేల ఫైళ్లలో ఒక్క పేషెంటు పేరు ఎక్కడుందో ఒక్క వరుసలో వెతికి పట్టుకున్నాను. మౌస్‌తో అయితే సాయంత్రం పట్టేది. నాకు నేనే ఎవరోలా అనిపించాను. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో కొత్త విద్య, మాటలా.

మామయ్య ఇవాళ ఆర్ఎమ్ పాఠం మళ్లీ చెప్పాడు. మొదటి నుంచి, అదే వరసలో. ఫోల్డరు తయారు చెయ్యమన్నాడు, తుడవమన్నాడు, "ఇక్కడ చెత్తబుట్ట లేదమ్మడూ" అన్నాడు. రెండోసారి చెప్తే గట్టిగా నాటుకుంటుందని కాబోలు. మంచి మాస్టార్లు అలాగే చేస్తారు.

జూలై 8

రూట్ పాస్‌వర్డ్ చెప్పాడు. మెట్ల మీద, ఎవరూ లేనప్పుడు, చెవి దగ్గరికి వంగి. రూట్ అంటే ఆ మిషన్‌లో అడ్డూ అదుపూ లేని మనిషి. ఏ తలుపైనా తీయగలడు, ఏ గోడైనా కూల్చగలడు. ఇన్నేళ్లలో ఆ పాస్‌వర్డ్ తెలిసిన రెండో మనిషిని నేనేనట.

"కాయితం మీద రాయకు."

"రాయను."

ఇక్కడ కూడా రాయట్లేదు.

జూలై 15

రోజూ బ్యాకప్ ఎలా జరుగుతుందో చెప్పాడు. మిషన్ లోపల ఒక టైంటేబుల్ ఉంటుంది. ఎవరూ ముట్టుకోకుండానే ఆ వేళకి ఫలితాలన్నీ ఇంకో డిస్కులోకి కాపీ అయిపోతాయి. సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు మామయ్య ఆ డిస్కు తీసి అరలో పెట్టి, మర్నాటి డిస్కు తగిలిస్తాడు. సోమ, మంగళ, బుధ అని అట్టముక్కల మీద ఆయన గుండ్రటి అక్షరాలు. ఒక్కరోజు తప్పడం నేను చూడలేదు.

ఆ టైంటేబుల్ ఒకసారి తెరిచి చూస్తానన్నాను. "దాని జోలికి పోకు, అది నా పని" అన్నాడు. గొంతు కటువుగా ఉంది. నేనూ తొందరపడ్డాన్లే.

జూలై 22

మామయ్య నన్ను మూడుసార్లు అమ్మ పేరుతో పిలిచాడు. అక్కా మేనకోడలూ ఒకే ఇంట్లో ఉంటే ఎవరికైనా పేర్లు తారుమారవుతాయి. లిఫ్టులో రెండు నొక్కబోయి మూడు నొక్కాడు. నేనూ నొక్కుతుంటాను.

ఆగస్టు 1

పీడబ్ల్యూడీ గురించి మళ్లీ చెప్పాడు. మొదటిసారి విన్నట్టు నోట్సు రాసుకున్నాను.

ఆగస్టు 19

పోయాయి.

మధ్యాహ్నం పన్నెండు దాటాక రిపోర్టులిచ్చే కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి వచ్చి, పాత రిపోర్టు ఒకటి తెరుచుకోవట్లేదంది. వెళ్లి ఎల్ఎస్ కొట్టాను. ఖాళీ. తప్పు చోట ఉన్నానేమో అనుకుని పీడబ్ల్యూడీ కొట్టాను. సరైన చోటే ఉన్నాను. మళ్లీ ఎల్ఎస్. ఎన్నిసార్లు కొట్టానో. ఫలితాల ఫోల్డరులో ఒక్కటంటే ఒక్కటి లేదు.

మామయ్య వచ్చాడు. చూశాడు. మొహంలో ఏ మార్పూ లేదు. "బ్యాకప్ ఉందిగా" అని నిన్నటి డిస్కు తెచ్చాడు. అందులో అన్నీ మార్చివే, తర్వాతది ఏదీ లేదు. మొన్నటిది. లేదు. ఏడు డిస్కులూ వరసగా పెట్టాం. ఆఖరికి ఒకదాన్లో ఏప్రిల్ రెండో తారీఖు దాకా ఉన్నాయి. ఆ తర్వాత నాలుగున్నర నెలలుగా ఆ డిస్కుల మీద ఒక్క అక్షరం పడలేదు. రోజూ సాయంత్రం మామయ్య తీసి పెట్టినవి, దుమ్ము తుడిచి అరలో దాచినవి, అన్నీ కొత్తగా ఏమీ ఎక్కని డిస్కులే.

టైంటేబుల్ తెరిచాను. ఈసారి ఎవరినీ అడగలేదు. బ్యాకప్ వరుస ముందు చిన్న అడ్డగళ్ల గుర్తు, హాష్ అంటారు, ఉంది. అది ఉంటే మిషన్ ఆ వరుసని చదవకుండా దాటేస్తుంది. పని కోసం కాసేపు ఆపాలంటే పెడతారు. పెట్టినవాళ్లు తియ్యాలి.

డాక్టరమ్మ గదికి పిలిచారు. ఆవిడ, నేను, మామయ్య. ఏం జరిగిందని అడిగారు. మామయ్య చేతులు కట్టుకుని నిలబడి, ఎప్పుడూ మాట్లాడేంత నెమ్మదిగా అన్నాడు.

"అమ్మాయి పొద్దున పాత ఫైళ్లు శుభ్రం చేసిందండి. పొరపాటున వేరే ఫోల్డరులో ఉండి తుడిచేసింది. ఇంకా నేర్చుకుంటోంది. పెద్దవాణ్ణి, బాధ్యత నాది."

డాక్టరమ్మ నా వంక చూశారు. నేను మామయ్య వంక చూశాను. మామయ్య నేల వంక కూడా చూడట్లేదు. సూటిగా, నిశ్చింతగా, గోడ మీది గడియారం చూస్తున్నాడు.

పొద్దున తొమ్మిదిన్నరకి నేను పాత ఫైళ్లు తుడిచిన మాట నిజం.

ఆగస్టు 20

బయటినుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. సాయంత్రం దాకా కూర్చుని, తుడిచిన చోటే మిషన్ కొత్త ఫలితాలు రాసేసింది కాబట్టి ఇంక తిరిగి రావన్నారు. పరీక్ష మిషన్ల సొంత మెమరీలో ఒక నెలవి దొరికాయి. కాయితాల మీద ఉన్నవి మళ్లీ ఎక్కించాలి. మిగతావాళ్లకి రక్తం మళ్లీ తియ్యాలి.

నేను కాదు. నేను తాత్కాలిక ఫోల్డరులో ఉన్నాను. కొట్టేముందు పీడబ్ల్యూడీ చూసుకున్నాను. చూసుకున్నాననే గుర్తు.

ఆగస్టు 21

కిటికీ దగ్గర ఒకాయన, ఆరేళ్ల పాప. పాపకి వారం వారం కణాలు లెక్కపెడతారు. ఆ లెక్క మార్చి నుంచి ఎలా దిగుతూ వచ్చిందో చూస్తేగానీ మందు ఎంత వెయ్యాలో పెద్దాసుపత్రి వాళ్లు తేల్చలేరట. ఏప్రిల్ నుంచి జూలై దాకా ఒక్కటీ లేదని చెప్పాను, కాయితాలు ఆయన దగ్గరా లేవు. కేకలేస్తాడనుకున్నాను. "పోనీ ఇవాళ్టిది తీయండమ్మా, ఏం చేస్తాం" అన్నాడు. ఆ మాటకి తిట్టు తిన్నదానికన్నా ఎక్కువ చచ్చిపోయాను. పాప చేతులు రెండూ సూదిగుర్తులే. నరం దొరకలేదు. మూడుసార్లు గుచ్చింది సూదక్క. పాప ఏడవలేదు, అలవాటైపోయినట్టు అటు తిరిగి గోడ చూసింది.

తర్వాత సూదక్క చేతులు కడుక్కుంటూ, నా మొహం చూడకుండా అంది. "పొద్దుట్నించి అరవై రెండు మందికి గుచ్చాను. ఎందుకు మళ్లీ అని ప్రతివాళ్లూ అడుగుతారు. నీ పేరు నాలిక చివర దాకా వచ్చింది. చెప్పలేదు."

"నేను కాదక్కా."

"మరెవరు?"

ఆ ప్రశ్నకి ఇంకో జవాబు ఉంటుందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

ఆగస్టు 22

నేనే చేశానేమో.

ఆగస్టు 23

నేను కాదు.

మామయ్య పెట్టిన పద్ధతే ఇది. ఎవరు లోపలికి వచ్చారో, ఏ కమాండ్ ఎన్నింటికి కొట్టారో ఈ మిషన్ అంతా రాసి పెట్టుకుంటుంది. మొదట నాది చూసుకున్నాను. తొమ్మిది ముప్పై నాలుగు, పీడబ్ల్యూడీ. తాత్కాలిక ఫోల్డరు. తర్వాత ఆర్ఎమ్. సరిగ్గానే ఉంది. ఊపిరి పీల్చుకున్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది.

పదకొండు ఇరవైకి రూట్ లోపలికి వచ్చాడు. ఆ టైముకి నేను అమ్మని తీసుకుని ఆవిడ కళ్లద్దాల కోసం బయటికెళ్లి ఉన్నాను. సర్వర్ గది తాళం నేను వెళ్తూ వెళ్తూ మామయ్య చేతికే ఇచ్చాను. రూట్ కొట్టినవి వరసగా ఉన్నాయి.

డేట్. ఎల్ఎస్. డేట్. పీడబ్ల్యూడీ. డేట్. డేట్. సీడీ. డేట్. తర్వాత ఆర్ఎమ్, గీత, ఆర్, ఎఫ్, నక్షత్రం గుర్తు. అంటే ఇక్కడున్నదంతా అని. ఆ వెంటనే డేట్.

డేట్ అని కొడితే ఇవాళ తేదీ ఎంతో చెప్తుంది. అంతే. వేరే పనేం చెయ్యదు.

ఆ జాబితాలోనే పాత తేదీల్లోకి వెళ్లాను. సోమవారం, శుక్రవారం, గురువారం. జూలై, జూన్, మే. నాకు ఎక్కడున్నావో అడుగు అని నేర్పిన మనిషి, ఒక్క పొద్దుటిపూట అదే ప్రశ్న పదిహేనుసార్లు అడిగాడు. పందొమ్మిదేళ్లుగా రాస్తున్న కమాండ్లు అక్షరాలు తారుమారై, మిషన్ అర్థం కాలేదన్న చోట మళ్లీ అదే తప్పు, మళ్లీ అదే. ఏప్రిల్ రెండున టైంటేబుల్ తెరిచినట్టుంది. ఆ రోజు డేట్ ఎన్నిసార్లుందో లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది.

పక్కగదిలో మామయ్య ఎవరికో ఫోనులో ప్రింటరు సంగతి చెప్తున్నాడు. గొంతు ఎంత మామూలుగా ఉందో.

ఆగస్టు 24, ఆదివారం

పొద్దున పైకెళ్లాను. మామయ్య ఉండేది మా ఇంటి పైభాగంలోనే. వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ప్రింటు తీసిన కాయితాలు బల్ల మీద పెట్టాను. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, కళ్లజోడు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాడు.

"నా లాగిన్‌తో ఎవరో చేశారు" అన్నాడు.

"మామయ్యా, రూట్ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?"

"నీకు తెలుసు."

అలా అంటాడని కలలో కూడా అనుకోలేదు. కోపంగా అన్నా సరిపోయేది. లెక్క తేల్చినట్టు అన్నాడు.

"నేను అప్పుడు బయట ఉన్నాను. అమ్మతో."

"అక్క నీకోసం అబద్ధం చెప్తుందిలే." కాయితాలు మడిచి నా చేతిలో పెట్టాడు. "చేసిన తప్పు ఒప్పుకుంటే పోయేదేం లేదు. చిన్నప్పుడు నీకు అదే కదా నేర్పాను."

చిన్నప్పుడు. నాన్న నాకు ఫొటోలోనే తెలుసు. నా స్కూలు ఫారాలన్నిట్లో, సంరక్షకుడు అన్న చోట, ఇవే గుండ్రటి అక్షరాలు. ఆ మనిషి నన్ను చూసిన చూపు, బజారులో ఎవరినో చూసినట్టుంది.

కిందికొచ్చి అమ్మ ముందు కూలబడ్డాను. చెప్పాను. అమ్మ కూర తరగడం ఆపలేదు.

"టిఫిన్ తిని పైకెళ్తాడు. అరగంటకి మళ్లీ దిగి, ఇవాళ టిఫిన్ లేదా అక్కా అంటాడు. మళ్లీ పెడతాను. ఏం పోయింది."

"ఎన్నాళ్ల నుంచి?"

"శీతాకాలం నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

అమ్మ అప్పుడు తలెత్తింది. "నీకు తెలియదా?" అంది.

ఆగస్టు 25

రేపు డాక్టరమ్మకి చెప్తాను.

ఆగస్టు 26

రేపు.

ఆగస్టు 27

డాక్టరమ్మ ఊళ్లో లేరని రాద్దామనుకున్నాను. ఉన్నారు. రెండుసార్లు ఆవిడ గది ముందునుంచే నడిచాను.

ఆగస్టు 28

మళ్లీ జరగబోయింది.

కాయితాల మీంచి ఎక్కిస్తున్నవి, పరీక్ష మిషన్లలోంచి తీసినవి, మళ్లీ రక్తం తీసి చేసినవి, అన్నీ ఒక కొత్త ఫోల్డరులో పెడుతున్నాం. ఎనిమిది మంది వారం రోజుల రెక్కల కష్టం. ఈ ఫోల్డరు ఇంకా టైంటేబుల్లో లేదు, అంతా ఎక్కాక ఈ సాయంత్రం దానికి చేత్తో బ్యాకప్ తియ్యాలనుకున్నాం. ఇంకా తియ్యలేదు.

పదకొండుకి సర్వర్ గది తలుపు తీసేసరికి మామయ్య కూర్చుని ఉన్నాడు. వెనకనుంచి తెర చూశాను. రూట్. కొత్త ఫోల్డరు. ఆర్, ఎమ్, గీత, ఆర్, ఎఫ్, నక్షత్రం. అంతా కొట్టేసి ఉంది. కుడిచేతి చిటికెన వేలు ఎంటర్ మీద ఆనుకుని ఉంది. నొక్కడం ఒక్కటే తరువాయి.

నేను ఏమన్నానో నాకు గుర్తులేదు. ఆయన మణికట్టు పట్టుకున్నాను. మామయ్య చెయ్యి పట్టుకుని ఆపడం నా జన్మలో అదే మొదటిసారి. ఎంత సన్నబడిందో ఆ చెయ్యి.

"వదులు."

వదల్లేదు.

"వదలమంటున్నానా. చెత్తంతా పేరుకుపోయింది, తీసేస్తున్నా."

"మామయ్యా, పీడబ్ల్యూడీ కొట్టు."

"నాకు చెప్తున్నావా."

"ఒక్కసారి కొట్టు."

రెండో చేత్తో ఒక్కో అక్షరమే వెనక్కి తుడిచి, పీడబ్ల్యూడీ కొట్టాడు. తెర చెప్పింది. చదివాడు. పెదవులు కదిలాయి, మళ్లీ చదివాడు.

"అమ్మడూ," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "నేనేం చెయ్యబోయాను?"

చెప్పాను. అంతా వినేదాకా నా మొహం మీంచి కళ్లు తిప్పలేదు. తర్వాత లేచి, కుర్చీని సరిగ్గా బల్ల కిందికి నెట్టి, స్టాఫ్ రూముకి వెళ్లిపోయాడు.

బ్యాకప్ తీశాను. పూర్తయ్యేదాకా ఆ గదిలోంచి కదల్లేదు. తాళం నా దగ్గరే పెట్టుకున్నాను.

ఆగస్టు 29

పొద్దున్నే డాక్టరమ్మకి చెప్పేశాను. కాయితాలు చూపించాను. ఆవిడ డేట్ అన్న వరుసల మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ వెళ్లి, ఒకచోట ఆపేశారు. నా వంక చూసి, "ఆ రోజు ఈ గదిలో నువ్వు ఒక్క మాట కూడా అనలేదు" అన్నారు.

"మామయ్యండీ" అన్నాను.

"ఎంతమంది గొట్టాలు చూశాను, ఎంతమంది జబ్బులు పేరు పెట్టి చెప్పాను. రోజూ రెండుసార్లు నాకు గుడ్ మార్నింగ్ చెప్తుంటే మర్యాద అనుకున్నాను." కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. నరాల డాక్టరుకి ఫోను చేసి సోమవారానికి మాట్లాడారు. సూదక్కకీ మిగతావాళ్లకీ నిజం తనే చెప్తానన్నారు. వెళ్లబోతుంటే, "సాయంత్రంలోగా పాస్‌వర్డ్ మార్చెయ్యి. ఆయనకి నువ్వే చెప్పాలి. నేను చెప్తే తట్టుకోలేడు" అన్నారు.

సర్వర్ గదిలో కూర్చున్నాను. మార్చడానికి చేతులు రాలేదు. ముందు ఆయన సొంత ఫోల్డరు కాపీ తీసి పెడదాం, అదీ పనేగా అనుకున్నాను. ఎప్పుడూ తెరవని ఫోల్డరు. పాత ప్రోగ్రాములు, ప్రింటరు సెట్టింగులు. వాటి మధ్య ఒక ఫైలు. దాని పేరు అమ్మడు. కిందటేడు నవంబరు తారీఖు.

తెరిచాను. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దింపుతున్నాను.

"అమ్మడూ. నా ఫోల్డరు తెరిచే అవసరం వచ్చిందన్నమాట నీకు. కొంతకాలంగా నాకు మాటలు జారిపోతున్నాయి. నిన్న కుళాయి అన్న మాట రాలేదు. అక్కతో నీళ్లు వచ్చేది అన్నాను. వేరే ఊరు వెళ్లి డాక్టరుకి చూపించుకున్నాను. జబ్బుకి ఏదో పేరు చెప్పాడు. అక్కకి చెప్పకు, కంగారు పడుతుంది.

డిస్కుల అర తాళం ఎడమవైపు తిప్పాలి. ఏసీ ఆగితే పావుగంటలో మిషన్ వేడెక్కుతుంది, ముందు తలుపు తెరువు.

వచ్చే ఏడు డిసెంబరు దాకా నెట్టుకొస్తాననుకుంటున్నాను. రాలేకపోతే అది నాకు తెలియదు. నీకే తెలుస్తుంది. అందుకే ఈ పనికి నిన్నే అడుగుతాను. నువ్వు తప్పు చేస్తే నిద్రపోవు, నాకు అలాంటి మనిషి కావాలి.

నేను ఒప్పుకోను. నా సంగతి నాకు తెలుసు. కోప్పడతాను. నేను చేసింది నువ్వు చేశావని కూడా అంటానేమో. అన్నా వినకు. పాస్‌వర్డ్ మార్చెయ్యి. నాకు చెప్పకు. అడిగినా చెప్పకు, బతిమాలినా చెప్పకు.

ప్రింటరు ఆగిపోతే ముందు తీగ చూడు. ఊరికే రీస్టార్ట్ కొట్టకు."

అక్కడితో అయిపోయింది. కింద సంతకం లేదు.

జూన్ నుంచి నాకు పాఠం చెప్తున్నాడనుకున్నాను. నవంబరులోనే నన్ను కాపలా పెట్టాడు. తన మీద.

కాసేపటికి ప్రింటు తీసి స్టాఫ్ రూముకి పట్టుకెళ్లాను. మామయ్య కిటికీ పక్క కుర్చీలో ఖాళీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు. కాయితం ఇచ్చాను. నెమ్మదిగా చదివాడు. తిప్పి వెనక చూశాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"ఎవరు రాశారిది?"

తల అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో తెలియదు.

"పని తెలిసినవాడే. ప్రింటరు సంగతి కరెక్టుగా రాశాడు." కాయితం నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. జేబు మీద చెయ్యి అలాగే ఉంచాడు. "వాడు చెప్పినట్టు చెయ్యి."

తెలిసే అన్నాడా, తెలియకే అన్నాడా. మొహం చూస్తే పోల్చుకోలేకపోయాను. ఇప్పుడు రాస్తూ కూడా పోల్చుకోలేకపోతున్నాను.

నా వెనకే సర్వర్ గదికి వచ్చాడు. లోపలికి రాలేదు. గడప దగ్గర స్టూలు లాక్కుని, బయటివైపు తిరిగి కూర్చున్నాడు.

నాలుగూ పది అయింది. కమాండ్ కొట్టాను. కొత్త పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. మళ్లీ ఒకసారి కొట్టమంది. తెర అలుక్కుపోయింది, అక్షరాలు కనపడలేదు. రెండూ కలవలేదంది. మళ్లీ కొట్టాను. మళ్లీ కలవలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"నిదానంగా కొట్టమ్మడూ," అన్నాడు మామయ్య, ఇటు తిరక్కుండానే. "తొందరేం లేదు. నేనిక్కడే కూర్చుంటాను."